మోకీలు మార్పిడి తరువాత ఫిజియోథెరపీ

అరిగిన మోకాలి కీలు తీసి కృత్రిమ కీలు అమర్చాక, ఆ కాలు మళ్లీ మనిషి బరువు మోసి, వంగి, నిటారుగా చాపి, మెట్లెక్కి దిగే స్థితికి రావడానికి సాగే వ్యాయామ చికిత్స ఇది. ఆపరేషన్ గంటన్నర, రెండు గంటల్లో ముగుస్తుంది. ఈ చికిత్స అదే రోజు లేదా మర్నాడు మొదలై, తొలి మూడు నెలలు గట్టిగానూ, ఆ తర్వాత ఏడాది దాకా నెమ్మదిగానూ నడుస్తుంది. ఫలితంలో సగం భాగం సర్జన్ చేతిలో ఉంటే, మిగిలిన సగం రోగి తొడ కండలో ఉంటుంది. తెలుగిళ్లలో మొదటి సగం మీద పెట్టే శ్రద్ధ రెండో సగం మీద పెట్టరు.

తెలుగునాట దీన్ని ‘మోకాలి చిప్పల మార్పిడి’ అనడం అలవాటైపోయింది. పత్రికలూ అలాగే రాస్తాయి. నిజానికి చాలామందికి చిప్పను అలాగే ఉంచేస్తారు. కొందరికి దాని వెనుక వైపు మాత్రం ప్లాస్టిక్ బిళ్ల అతికిస్తారు. మార్చేది తొడ ఎముక కింది చివర, కాలి ఎముక పై చివర. అరిగిన అంచులను పలుచగా కోసి, పైన లోహపు తొడుగు, కింద లోహపు పళ్లెం, రెండింటి మధ్య పాలిథిలిన్ పలక అమరుస్తారు. ‘గుజ్జు అరిగిపోయింది’ అని రోగులు చెప్పేది ఎముకల చివర్లను కప్పి ఉండే నున్నటి మృదులాస్థి గురించి. పేరులోని ఈ పొరపాటు వల్ల చికిత్సకూ చేటే జరుగుతోంది. చిప్ప ఒక్కటే మార్చారనుకున్న మనిషికి, కీలు దాకా వెళ్లడానికి తొడ కండ స్నాయువు వెంబడి కోత పెట్టారనీ, ఆ కండకు మళ్లీ పని నేర్పాలనీ తోచదు. బండికి పాత బేరింగు తీసి కొత్తది వేసినట్టు, ఇంటికెళ్లగానే నడిచేయవచ్చనుకుంటారు.

చరిత్ర

బెర్లిన్‌లో థెమిస్టోక్లిస్ గ్లుక్ 1890లో ఏనుగు దంతంతో మోకాలి కీలు చేసి అమర్చాడు. ఇన్‌ఫెక్షన్ల వల్ల ఆ ప్రయత్నాలు నిలవలేదు. ఆధునిక కీళ్ల మార్పిడికి దారి వేసినవాడు ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్ ఆసుపత్రిలో పనిచేసిన జాన్ చార్న్‌లీ. 1962 నవంబరులో అతను లోహపు బంతి, పాలిథిలిన్ గిన్నె కలిపి తుంటి కీలు అమర్చాడు. అదే ఆసుపత్రిలో ఫ్రాంక్ గన్‌స్టన్ ఆ సూత్రాన్ని మోకాలికి తెచ్చాడు. ఇప్పుడు అమర్చే మోకీళ్లలో ఎక్కువ భాగానికి మూలరూపం 1974లో న్యూయార్క్‌లోని హాస్పిటల్ ఫర్ స్పెషల్ సర్జరీలో తయారైంది. దాన్ని రూపొందించినవారిలో జాన్ ఇన్సాల్‌తో పాటు భారతదేశంలో పుట్టిన చిత్తరంజన్ రణావత్ ఒకరు. 2000 అక్టోబరులో అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి ఎడమ మోకాలికి, 2001 జూన్‌లో కుడి మోకాలికి ముంబయి బ్రీచ్ క్యాండీ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసింది ఆయనే. ప్రధాని మోకాళ్ల గురించి రోజూ పేపర్లలో చదివిన జనానికి ఇలాంటి చికిత్స ఒకటుందని అప్పుడే బాగా తెలిసింది.

తొలినాళ్లలో కీలు మార్చినవారిని రోజుల తరబడి, కొన్నిచోట్ల వారాల తరబడి మంచం మీదే ఉంచేవారు. కదిపితే కుట్లు తెగుతాయని, కీలు జారుతుందని భయం. 1990ల్లో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ ఆ ఆలోచనను తిరగేశాడు. నొప్పిని ముందే అదుపు చేసి, గొట్టాలు వీలైనంత తక్కువ వాడి, రోగిని వెంటనే లేపి నడిపిస్తే ఉపద్రవాలు తగ్గుతాయని చూపించాడు. ఇవాళ హైదరాబాదులోనో విజయవాడలోనో ఆపరేషన్ అయిన పూటే రోగిని వాకర్ పట్టించి నిలబెడుతున్నారంటే దాని వెనుక ఉన్నది ఆ మార్పే.

భారతదేశంలో ఫిజియోథెరపీ పోలియో నీడలో పుట్టింది. ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో 1953లో తొలి శిక్షణాలయం వచ్చింది. భారత ఫిజియోథెరపిస్టుల సంఘం 1955లో ఏర్పడింది. ఈ వృత్తికి దేశవ్యాప్తంగా చట్టబద్ధమైన నియంత్రణ మాత్రం 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంతోనే దక్కింది.

2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ మోకీళ్ల ధరలకు పరిమితి పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్-క్రోమియం రకానికి జి.ఎస్.టి. కాకుండా 54,720 రూపాయలు ఖరారు చేసింది. అంతకుముందు దానికి సగటున లక్షన్నర పైనే పడేది. కీలు ధర దిగివచ్చింది గానీ ఆ తర్వాత ఆరు వారాలు కాలిని నడిపించే మనిషి ఖర్చును ఏ కుటుంబమూ ముందుగా లెక్కలో వేసుకోదు. డిశ్చార్జి రోజున చేతిలో పెట్టిన బొమ్మల కాగితమే చాలామందికి ఫిజియోథెరపిస్టు అవుతోంది.

నిద్రపోయిన కండ

ఈ చికిత్సలో అన్నిటికన్నా ముందు అర్థం చేసుకోవలసింది తొడ ముందు కండ సంగతి. మోకాలిని చాపేది, కుర్చీలోంచి లేపేది, మెట్టు దిగేటప్పుడు ఒళ్లు ముందుకు తూలకుండా పట్టి ఉంచేది ఆ కండే. ఆపరేషన్ అయిన నెలకు కొలిస్తే దాని బలం, ఆపరేషన్‌కు ముందున్న దానిలో సగం కంటే తక్కువకు పడిపోతుంది. అప్పటికే ఏళ్ల తరబడి నొప్పితో వాడక క్షీణించి ఉన్న కండ అది.

ఇంత పెద్ద నష్టానికి కండ సన్నబడటం ఒక్కటే కారణమైతే కొంత నయం. అసలు చిక్కు నరాల్లో ఉంది. కీలు వాచినప్పుడు, లోపల ద్రవం చేరినప్పుడు వెన్నుపాము ఆ కండకు వెళ్లే ఆజ్ఞలను తగ్గించేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మోకాలిలోకి కొద్దిపాటి ఉప్పునీరు ఎక్కించినా తొడ కండ మందగిస్తుందని ప్రయోగాల్లో తేలింది. రోగి ‘కాలు లేపుదామంటే లేవట్లేదు, నా కాలు కానట్టుంది’ అంటాడు. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకమో భయమో అనుకుంటారు. అతను చెప్పేది అక్షరాలా నిజం.

ఇది తెలిస్తే తొలి వారాల పనులకు అర్థం దొరుకుతుంది. వాపు తగ్గించడం కండను లేపడంలో భాగమే కాబట్టి తువ్వాలులో చుట్టిన ఐసు ప్యాకు 15-20 నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదుసార్లు పెట్టమంటారు. పడుకున్నప్పుడు కాలు గుండె కన్నా ఎత్తులో ఉండేలా చూడమంటారు. వెల్లకిలా పడుకుని మోకాలి వెనుక భాగాన్ని పరుపుకేసి అదిమి, తొడ బిగించి, అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. చూడటానికి ఏమీ చేయనట్టే ఉండే ఈ వ్యాయామమే అన్నిటికీ పునాది. అది పట్టుబడ్డాక మోకాలు వంచకుండా కాలంతా జానెడు ఎత్తు లేపడం. అదీ రాకపోతే కండకు చిన్న విద్యుత్ ప్రేరణ ఇచ్చే యంత్రం వాడతారు. తొలి వారాల్లో దానివల్ల ప్రయోజనం ఉందని పరిశోధనలు చెబుతున్నాయి. మత్తు డాక్టర్లు కూడా తమ పద్ధతి మార్చుకున్నారు. గజ్జల దగ్గర నరానికి ఇచ్చే మత్తు కండను కూడా పడగొట్టేది. ఇప్పుడు తొడ మధ్యలో, నొప్పిని మాత్రమే ఎక్కువగా ఆపే చోట ఇస్తున్నారు.

పాదాలను పైకీ కిందికీ ఆడించడం మొదటి గంటల నుంచే మొదలవుతుంది. పిక్క కండ రక్తాన్ని పైకి నెట్టే పంపు లాంటిది. అది ఊరుకుంటే సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మందులతో పాటు ఈ కదలికకూ అంత విలువ.

చాపడం, వంచడం

ఆసుపత్రిలోనూ ఇంట్లోనూ అందరూ అడిగే ప్రశ్న ‘ఎంత వంగుతోంది?’ అని. ఎంత నిటారుగా చాపగలుగుతున్నారని అడిగేవారు తక్కువ. ఇది పెద్ద పొరపాటు. మోకాలు పూర్తిగా చాపలేక పది, పదిహేను డిగ్రీల వంపు మిగిలిపోతే నిలబడిన ప్రతి క్షణం తొడ కండ బిగిసే ఉండాలి. నాలుగడుగులకే అలసట, కుంటి నడక, కొన్నాళ్లకు నడుంనొప్పి. వంగడం కొంచెం తగ్గినా మనిషి సర్దుకుపోగలడు. చాపలేని కాలితో సర్దుకుపోవడం కష్టం.

ఈ వంపును తెచ్చిపెట్టేది చాలాసార్లు ఇంట్లోవాళ్ల ప్రేమే. నొప్పితో మూలుగుతున్న తల్లి మోకాలి కింద మెత్తటి దిండు పెడతారు. సగం వంగిన మోకాలిలో ద్రవానికి చోటెక్కువ కాబట్టి హాయిగానే ఉంటుంది. ఆ హాయిలోనే వారం గడిస్తే వెనుక కణజాలం కురచబారి అక్కడే బిగుసుకుపోతుంది. దిండు కాదు, చుట్టిన తువ్వాలు పెట్టాలి. అదీ మోకాలి కింద కాదు, మడమ కింద. కాలి బరువే మోకాలిని కిందికి దించుతుంది.

వంచడానికి మంచం మీద మడమను పిరుదుల వైపు జార్చడం మొదటి మెట్టు. మడమ కింద ప్లాస్టిక్ కవరు వేస్తే దుప్పటికి పట్టుకోకుండా జారుతుంది. తర్వాత కుర్చీలో కూర్చుని, మంచి కాలి పాదంతో ఆపరేషన్ కాలిని మెల్లగా వెనక్కి నెట్టడం. చదును నేల మీద నడవడానికి 60-70 డిగ్రీలు చాలు. మెట్లకు 90 దాకా, మామూలు కుర్చీలోంచి లేవడానికి 90 పైన, తక్కువ ఎత్తు కుర్చీకి ఇంకాస్త ఎక్కువ కావాలి. బాసింపట్టు వేయాలన్నా, గొంతుక్కూర్చోవాలన్నా 120-130 దాటాలి. రెండు వారాలకు 90, మూడు నెలల్లోపు 110-120 అనేది సాధారణంగా పెట్టుకునే గురి. ఆపరేషన్‌కు ముందు ఎంత వంగేదో, తర్వాత ఎంత వంగుతుందో చెప్పే ముఖ్యమైన సూచిక అదే. ఏళ్ల తరబడి 80 డిగ్రీల దగ్గర ఆగిపోయిన మోకాలిని పక్కింటివారి మోకాలితో పోల్చి బెంగపెట్టుకోవడంలో న్యాయం లేదు. ఆరు వారాలు దాటినా 90కి చేరకుండా గట్టిగా పట్టేస్తే, మత్తు ఇచ్చి సర్జనే కాలిని వంచే పద్ధతి ఉంది. అది మూడు నెలల్లోపే మేలు. ఆలస్యమైతే మచ్చ కణజాలం ముదిరిపోతుంది.

కాలిని దానంతట అదే వంచుతూ చాపుతూ ఉండే యంత్రాన్ని ఇప్పటికీ కొన్నిచోట్ల అద్దెకు తెచ్చి మంచం మీద పెడతారు. కెనడా సర్జన్ రాబర్ట్ సాల్టర్ మృదులాస్థి మీద చేసిన పరిశోధనల నుంచి 1970ల్లో వచ్చిన ఆలోచన అది. మోకీలు మార్పిడి విషయంలో దాని వల్ల కలిగే అదనపు వంపు రెండు డిగ్రీల పాటిదేనని 2014 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది. ఆ అద్దె డబ్బుతో ఫిజియో నాలుగుసార్లు ఇంటికొస్తే ఎక్కువ లాభం. యంత్రం కాలిని కదుపుతుందే గానీ కండను లేపదు.

నడక

తొలి వారాలు వాకర్, ఆ తర్వాత చేతికర్ర. కర్రను ఆపరేషన్ అయిన కాలి వైపు పట్టుకోవాలని చాలామంది అనుకుంటారు. పట్టవలసింది రెండో చేత్తో. కుడి కాలు ముందుకు వెళ్లేటప్పుడు ఎడమ చేయి ముందుకు రావడం మన సహజ నడక. కర్ర అటువైపు ఉంటే ఒంటి బరువు కొత్త కీలు మీద నుంచి తప్పుకుంటుంది. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఒంటిని పైకి లేపే పనీ, కిందికి దించే పనీ రెండూ మంచి కాలి తొడ మీదే పడటం కోసం ఈ వరస.

నడక పెరిగిందని వ్యాయామం మానేయడం మామూలుగా జరిగే తప్పు. నడక వల్ల నడక వస్తుంది గానీ తొడ కండ బలం పూర్తిగా రాదు. మూడో వారం నుంచి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, తక్కువ ఎత్తు మెట్టు ఎక్కి దిగడం, గోడకు ఆని కొద్దిగా వంగడం వంటివి చేర్చాలి. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడటం ఇంట్లోనూ చేసుకోగల కొలత. రోగి అనుభవాన్ని కొలవడానికి 12 ప్రశ్నల ఆక్స్‌ఫర్డ్ నీ స్కోర్ ప్రపంచమంతటా వాడుకలో ఉంది.

తెలుగిల్లు

పడమటి దేశాల వ్యాయామ పట్టికలు కుర్చీ, మంచం, కమోడ్ ఉన్న ఇంటిని దృష్టిలో పెట్టుకుని తయారైనవి. మన ఇళ్లు అలా కట్టినవి కావు. పీట మీద భోజనం, నేల మీద కూర్చుని పూలు కట్టడం, కూరలు తరగడం, వాకిట్లో ముగ్గు, దేవుడి ముందు సాష్టాంగం, నమాజు అన్నీ మోకాలిని పూర్తిగా మడిచే పనులే. కొత్త కీలు నేల మీద కూర్చోనివ్వదా అంటే, కొందరిలో అంత వంపు వస్తుంది కూడా. అయినా లోతుగా వంచినప్పుడు పాలిథిలిన్ పలక వెనుక అంచు మీద భారం బాగా పెరుగుతుంది కాబట్టి దాన్ని రోజువారీ అలవాటుగా పెట్టుకోవద్దని ఎక్కువమంది సర్జన్లు చెబుతారు. మోకరిల్లడం వల్ల కీలు పాడవదు గానీ, కోతకు బయటి పక్కన చర్మం మొద్దుబారి ఉండటంతో చాలామందికి ఇబ్బందిగా ఉంటుంది. ఆ తిమ్మిరి కోతలో చిన్న చర్మపు నరం తెగడం వల్ల వచ్చింది. మెల్లగా తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది.

బతుకుతెరువు నేల మీద ఉన్నవారి సంగతి వేరుగా ఆలోచించాలి. నిజామాబాద్, జగిత్యాల వైపు చాట ఒళ్లో పెట్టుకుని గంటల కొద్దీ బీడీలు చుట్టే ఆడవాళ్లున్నారు. పోచంపల్లి, మంగళగిరి నేతగాళ్లలో గుంట మగ్గం మీద పనిచేసేవారున్నారు. మగ్గం గుంటలో కాళ్లు వేలాడేసి తొక్కుడు చెక్కలు తొక్కడం మోకాలికి అంత కష్టమైన పని కాదు. ఆ గుంటలోకి దిగడం, ఎక్కడం కష్టం. అలాంటివారికి డిగ్రీల లెక్క కన్నా, గట్టు పట్టుకుని దిగే తీరు నేర్పడం, బీడీల చాటను బల్ల మీదికి మార్చడం ఎక్కువ ఉపయోగం. పని ఏమిటో అడగకుండా వ్యాయామాలు రాసిచ్చే ఫిజియో సగం వైద్యమే చేసినట్టు.

ఇంట్లో ఆపరేషన్‌కు ముందే చేయవలసినవి కొన్ని ఉన్నాయి: మరుగుదొడ్డిలో కమోడ్ కుర్చీ, పట్టుకోవడానికి గోడకు కడ్డీ, తడి స్నానాలగదిలో జారని పట్టా, మంచానికి సరైన ఎత్తు. వాకర్ కాళ్లకు తగిలే చాపలు, పట్టాలు తీసేయాలి. గడప దాటడం ఆసుపత్రిలో నేర్పరు. ఇంటికొచ్చిన మొదటి రోజే అది ఎదురవుతుంది. ముందు వాకర్ దాటించి, తర్వాత ఆపరేషన్ కాలు, ఆపై మంచి కాలు.

పాత అలవాట్లలో మూడు చేటు చేస్తాయి. మొదటిది నూనెతో పిక్కలు మర్దనా చేయడం. లోపల రక్తపు గడ్డ ఉంటే అది కదిలే ప్రమాదముంది. రెండోది వేడి కాపడం. వాపు పెరుగుతుంది, మొద్దుబారిన చర్మం కాలినా తెలియదు. మూడోది పథ్యం. పప్పు తింటే చీము పడుతుందనే నమ్మకం ఇంకా బలంగా ఉంది. పుండు మానడానికీ కండ పెరగడానికీ మాంసకృత్తులు కావాలి. చారన్నంతో నెలపాటు ఉంచితే ఎంత వ్యాయామం చేసినా కండ దేనితో కట్టుకుంటుంది? కందిపప్పు, గుడ్డు, చేప, పెరుగు ఈ సమయంలో మందుతో సమానం. చీము పట్టడానికి భయపడవలసింది అదుపులో లేని చక్కెర గురించి.

నొప్పి, నిద్ర, అసంతృప్తి

రెండో వారం నుంచి ఆరో వారం దాకా రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం చాలామందికి ఉంటుంది. అప్పటికి చుట్టపుచూపులు ఆగిపోతాయి, ‘అనవసరంగా చేయించుకున్నానేమో’ అనే దిగులు మొదలవుతుంది. ఇది ముందే చెబితే సగం భారం తగ్గుతుంది. వ్యాయామానికి అరగంట, ముప్పావుగంట ముందు డాక్టరు రాసిన నొప్పి మాత్ర వేసుకోవచ్చు. చేసేటప్పుడు నొప్పి పెరిగి కాసేపట్లో తగ్గితే భయం లేదు. మర్నాటికి కూడా వాపు ఎక్కువగానే ఉంటే మోతాదు తగ్గించాలి. రోగి అరుస్తున్నా బలవంతంగా వంచడం పాత పద్ధతి. వాపు పెంచి కండను ఇంకా పడుకోబెడుతుంది.

పిక్కలో కొత్త నొప్పి, వాపు, ఆయాసం, ఛాతీ నొప్పి, చలిజ్వరం, కోత నుంచి చెమ్మ కారడం కనిపిస్తే ఫిజియో కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అన్నీ సవ్యంగా జరిగినా దాదాపు అయిదుగురిలో ఒకరు ఫలితం పట్ల పూర్తి తృప్తి చెందరని వివిధ దేశాల అధ్యయనాలు చూపాయి. కారణాలు ఎన్నో. నేల మీద కూర్చోగలమని ఆశించి కూర్చోలేకపోవడం మన దగ్గర అందులో ఒకటి. ఆ మాట ఆపరేషన్‌కు ముందే విప్పి మాట్లాడుకోవాలి.

తుంటి విషయం వేరు

తుంటి కీలు మార్చినవారికి వంపు రాబట్టే పోరాటం అంతగా ఉండదు. అక్కడి భయం కీలు జారిపోవడం. వెనుక వైపు నుంచి ఆపరేషన్ చేస్తే తొలి ఆరు నుంచి పన్నెండు వారాలు తుంటిని 90 డిగ్రీలకు మించి వంచకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పాదాన్ని లోపలికి తిప్పకూడదు అంటారు. పక్కకు తిరిగి పడుకుంటే కాళ్ల మధ్య దిండు ఉండాలి. మోకాలి కింద చేటు చేసే దిండే ఇక్కడ రక్షణ.

ఏడాది, ఆపైన

కుట్లో క్లిప్పులో రెండు వారాలకు తీస్తారు. బండి నడపడం ఆరు వారాల దరిదాపుల్లో, అదీ బ్రేకు గట్టిగా తొక్కగలిగితే. వాపు ఆరు నెలల దాకా వచ్చిపోతూ ఉంటుంది. బలం ఏడాది వరకూ పెరుగుతుంది. కీలు మన్నిక గురించి 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పెద్ద విశ్లేషణ ప్రకారం నూటికి 82 మోకీళ్లు 25 ఏళ్లు నిలుస్తాయి.

మన దగ్గర రెండు మోకాళ్లూ అరిగి వచ్చేవారే ఎక్కువ. గుండె, ఊపిరితిత్తులు బాగుంటే రెండూ ఒకేసారి మారుస్తారు. లేదా మొదటి దానికి కొన్ని నెలల తర్వాత రెండోది. వాజపేయికి మధ్యలో ఎనిమిది నెలలు గడిచాయి. అలా ఎడం ఇచ్చినవారికి ఆ మధ్యకాలపు వ్యాయామం మొదటి కాలి కోసం మాత్రమే కాదు. రెండో ఆపరేషన్ మర్నాడు వాకర్ పట్టుకుని లేచినప్పుడు ఒంటి బరువంతా మోయవలసింది ఆ మొదటి కాలే. మెట్లెక్కేటప్పుడు ముందు వేయవలసిన మంచి కాలు ఇప్పుడు అదే.